ప్రేమమ్మగారి వేణ్ణీళ్ళు

మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ, బంగళాలో ఉన్న గ్యాస్ గీజరును ప్రేమమ్మకిచ్చి వెళ్ళింది. ప్రేమమ్మ ఆమెకు చాలా ఏళ్ళు వండిపెట్టింది. ఇప్పుడు కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు కొంకర్లు పోయాయి. పొద్దున్నే వేణ్ణీళ్ళలో చేతులు నానితే తప్ప జాకెట్టు హుక్కు కూడా పెట్టుకోలేదు.

అది ఎనభై ఏడు చలికాలం. గుంటూరులో వాళ్ళ వీధిలో గ్యాస్ పొయ్యి ఉన్న ఇళ్ళే తక్కువ. ఆమె కొడుకు జోసఫ్, ఆర్టీసీ కండక్టరు, గీజరును మురిపెంగా స్నానాలగదిలో బిగించాడు. దాని అడుగున చిన్న మంట ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. పైలట్ అంటారు దాన్ని. కుళాయి తిప్పగానే దాన్నుంచి పెద్ద మంట అంటుకుని నీళ్ళు కాగుతాయి. పైలట్ ఆరిందంటే గ్యాసు కట్టయిపోతుంది.

నెల తిరక్కుండానే అది ఆరిపోవడం మొదలుపెట్టింది. జోసఫ్ సిలిండరు మార్చాడు. రెగ్యులేటరు మార్చాడు. గొట్టమంతా సబ్బు నురగ రాసి చూశాడు, ఎక్కడా బుడగ రాలేదు. వెలిగిస్తే వెలుగుతుంది, కాసేపటికి పచ్చగా వణికి ఆరిపోతుంది.

"గాలికి ఆరిపోతుందమ్మా" అని తేల్చి, ఒకరోజు కిటికీ మీది సందుకు అట్టముక్కలు పెట్టి మేకులు కొట్టేశాడు.

ఆ సంగతి అతని భార్య రెబ్కాకు తెలీదు. ఆమె ఆసుపత్రిలో నర్సు, రాత్రి డ్యూటీలో ఉంది. తెల్లవారి ఇంటికొచ్చేసరికి స్నానాలగదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు.

"అత్తయ్యా, నేనొచ్చానండీ!"

జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. తలుపు సందులోంచి ఘాటుగా, వేడిగా గాలి తగిలింది. పక్కన కిటికీ పైన అట్టముక్కలు కనిపించాయి. రెబ్కా భుజంతో తలుపును ఒక్క తోపు తోసింది. గడియ ఊడిపోయింది. ప్రేమమ్మ పీట మీద కూర్చునే గోడకు ఒరిగిపోయి ఉంది.

"ఏవండీ! సిలిండరు కట్టెయ్యండి!" అని ఇంట్లో ఉన్న జోసఫ్‌కు వినపడేలా అరుస్తూ, అత్తగారికి చీర చుట్టి చంకల కింద చేతులేసి వరండాలోకి లాక్కొచ్చింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూసిన గదిలో మంట నుంచి వచ్చిన విషవాయువు పీల్చిందన్నారు. ఆక్సిజన్ పెట్టాక మధ్యాహ్నానికి ప్రేమమ్మ కళ్ళు తెరిచింది.

జోసఫ్ మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నా చేతులారా చంపుకునేవాణ్ణమ్మా!"

"ఊరుకోరా. నాకు వేణ్ణీళ్ళు రావాలనే కదా మూశావు."

ఇంటికొచ్చాక అతను గీజరును ఊడబీకి పెరట్లో పడేశాడు. "పాత సామాన్లవాడికి ఇచ్చేస్తా" అన్నాడు. పొద్దున్నే తనే కట్టెల పొయ్యి రాజేసి, పొగకు కళ్ళు తుడుచుకుంటూ, బకెట్లు మోసి అమ్మ దగ్గర పెట్టేవాడు. ఆ తర్వాత బస్సు డిపోకి పరిగెత్తేవాడు.

ప్రేమమ్మకు అది చూడబుద్ధి కాలేదు. ఓ రోజు కోడలితో అంది: "రెబ్కా, ఈ డబ్బా బంగళాలో ఒక్కసారైనా ఆరింది లేదే. ఇక్కడికొచ్చాకే దీనికేం రోగమొచ్చింది? విప్పి చూస్తావా?"

గీజరు రేకు విప్పి చూశారు. రెబ్కా గాలి లోపలికి పోయే చిల్లులను పాత టూత్ బ్రష్షుతో గీకింది. బూడిదరంగు పొర మెత్తగా పేలికలా ఊడొచ్చింది. పెద్ద మంట వచ్చే చోటా అదే.

"ఎంత బూజండీ!"

ప్రేమమ్మ దాన్ని వంకరవేళ్ళ మధ్య నలిపి చూసింది. చిన్నప్పుడు పత్తి తీసిన చేతులవి. "బూజు కాదే, దూది."

ఇద్దరూ తలెత్తి పెరటి గోడకవతల చూశారు. పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు హోరుమంటోంది. సీజను కదా, గాల్లో సన్నటి పీచు తేలుతూనే ఉంది. డాక్టరమ్మ బంగళా చుట్టూ చెట్లే గానీ మిల్లు లేదు.

"గాలి ఎక్కువై కాదు, గాలాడకే ఆరిపోయింది. ఉన్న కాస్త సందూ మీ అబ్బాయి మూసేశారు" అంది రెబ్కా.

జోసఫ్ వచ్చాక ఆ మాట చెప్పారు. మర్నాడే అతను గ్యాసు మెకానిక్కుని వెంటబెట్టుకొచ్చాడు. లోపలంతా శుభ్రం చేయించి, ఈసారి గీజరును వెనక వరండాలో, బయటిగాలికి బిగించారు. గోడకు కన్నం పెట్టి నీళ్ళగొట్టం ఒక్కటే స్నానాలగదిలోకి పోనిచ్చారు. వారానికోసారి, ఆదివారం చర్చి నుంచి రాగానే, బ్రష్షు పట్టుకోవడం జోసఫ్ పని.

పైలట్ నీలంగా నిలబడింది. మర్నాడు రెబ్కా డ్యూటీ దిగి వచ్చేసరికి ప్రేమమ్మ స్నానం చేసి, ఎర్రబడ్డ అరచేతులు చాపి చూసుకుంటోంది.

"ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్. తలంతా చింపిరి చింపిరిగా ఉంది."

"మీకెందుకండీ శ్రమ?"

"కూర్చోమన్నానా!"

రెబ్కా గడప మీద కూర్చుంది. ఆ వేళ్ళు నెమ్మదిగా చిక్కులు తీస్తూ, పాయలు విడదీస్తూ కదిలాయి. జడ సగం కూడా పూర్తి కాలేదు, కోడలు అత్తగారి మోకాలికి తలానించి నిద్రపోయింది.