తప్పులక్క తనిఖీ

ప్లాస్టిక్ మనిషి పొట్టలోకి గరాటుతో నీళ్లు పోస్తోంది ఆవిడ. మనిషంటే నడుము నుంచి తొడల దాకానే. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే ఆసుపత్రులన్నింటికీ ఆ బొమ్మను మోసుకెళ్లి, యంత్రం కింద పడుకోబెట్టి, కిరణాలు పడాల్సిన చోటే పడుతున్నాయో లేదో కొలవడం ఆవిడ ఉద్యోగం. బొమ్మకు ‘బావగారు’ అనీ, కోడిగుడ్డుకు ఈకలు పీకే ఆవిడకు ‘తప్పులక్క’ అనీ ఆసుపత్రుల వాళ్లు పేర్లు పెట్టేశారు.

ఈ ఆసుపత్రిలో మాత్రం ఏదో ఒక తప్పు దొరకాలని కోరుకుని మరీ బయల్దేరింది తప్పులక్క.

కారణం ఇక్కడ యంత్రం నడిపే అమ్మాయి. మూడేళ్ల క్రితం తప్పులక్క భర్త ఇక్కడే వైద్యం చేయించుకున్నాడు. అప్పటికి ఇది కొత్త ఆసుపత్రి. ఆవిడ గడప తొక్కనిది ఇదొక్కటే. “నిన్నెరిగినవాళ్ల ముందు బట్టలు విప్పలేనే” అన్నాడు. వెంట రావద్దన్నాడు. రోజూ అన్నం ముందు కూర్చుని మాత్రం “ఆ అమ్మాయి ఇవాళ ఏమందో తెలుసా” అంటూ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఇన్నేళ్ల కాపురంలో తనెప్పుడైనా ఆయన్ని అలా నవ్వించిందా? నీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టేది. ఓసారి దాని అంచు సొట్టపోయింది. ఆ తర్వాత ఆ గ్లాసే కనబడలేదు.

వరండాలోంచి అమ్మాయి గొంతు వినబడింది. “బాబాయ్, ట్యాంకు నిండిందా?”

“ఇంకో గ్లాసు పడితే గట్టు తెగుతుందమ్మా!”

వంతు కోసం కూర్చున్న ముసలాళ్లంతా గొల్లున నవ్వారు. తప్పులక్కకు ఒళ్లు మండింది.

బావగారి కొలతలు సరిపోయాయి. ఇక పాత రోగుల స్కానులు చూడాలి. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఒకదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. స్కూటర్ మీంచి పడి విరిగి, వంకరగా అతుక్కున్న తుంటి ఎముక. పేరు లేకపోతేనేం, కట్టుకున్నవాడి ఎముక తెలియదా?

ఏ రోజు స్కాను చూసినా మూత్రాశయం నిండుకుండలా ఉంది. అలా ఉంటేనే పేగులు పక్కకు జరిగి కిరణాల దెబ్బ తప్పించుకుంటాయి. ఇంట్లో “కాసిని నీళ్లు తాగండి మహాప్రభో” అంటే, “నీ తనిఖీలు ఆఫీసులో పెట్టుకో” అని కసిరిన మనిషేనా ఈయన?

అమ్మాయిని పిలిచింది. “ఈయన చేత ఇన్ని నీళ్లు ఎలా తాగించావు?”

అమ్మాయి తెర మీదికి వంగింది. “స్కూటర్ బాబాయా! నేను తాగించడమేంటండీ, ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకుని మరీ తాగేవారు. ‘మా ఆవిడ ఎప్పటికైనా వచ్చి ఇవన్నీ తిరగేస్తుంది. నా దగ్గర తప్పు దొరికితే నా పరువేం కాను’ అనేవారు. పొద్దస్తమానం ఆవిడ కబుర్లే. ఆవిడెవరో గానీ, నాకు భలే కుళ్లుగా ఉండేదండీ! ఈమధ్య చెకప్పులకీ రావట్లేదు.”

తప్పులక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“పోయారు. పోయినేడు. ఈ జబ్బుతో కాదులే, నిద్రలో గుండె ఆగింది.”

అమ్మాయి ఆవిడ ముఖంలోకి చూసింది. “అయితే మీరు...”

“ఊఁ.”

తప్పులేవీ లేవని రాసి సంతకం చేసింది. బావగారి పొట్టలో నీళ్లు పారబోసి, పెట్టెలో సర్దుకుని వరండాలోకి వచ్చింది. కుళాయి పక్కన గట్టు మీద ఉంది ఆ గ్లాసు. ఎవరెవరి పెదాలు తగిలాయో దానికి! ఇంటికి పట్టుకుపోదామని చెయ్యి చాపింది.

“అది ఇలా అందుకో తల్లీ,” అన్నాడు బెంచీ మీది ముసలాయన. “నా ట్యాంకు ఇంకా నిండలేదు.”

నింపి ఇచ్చి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ముసలాయన గటగటా తాగి, గ్లాసును మళ్లీ గట్టు మీద బోర్లించాడు. సొట్టపోయిన చోట అంచు గట్టుకు ఆనలేదు. ఆ సందులోంచి ఒక్కో చుక్కా బయటికి జారుతోంది.