మువాజుమా ముఖాన తెల్లపూత

అబకార్ వంతెన దాటి దీవిలో దిగేసరికి శుక్రవారం నమాజు అయిపోయింది. నంపులా పట్నం నుంచి వ్యానులో ఒంటికాలి మీద నిలబడి వచ్చాడు. చేతిసంచిలో కూతురు మువాజుమాకి బడి యూనిఫాం ఉంది. కొలత తెలియక కాస్త వదులుగా కుట్టించాడు.

భార్య అంచా పోయి రెండేళ్లు. వాళ్ల ఆచారంలో బిడ్డ తల్లి వంశానిది. మేనమామ ఉస్సేనె ఊఁ అంటే తప్ప కన్నతండ్రయినా ఆ పిల్లను వంతెన దాటించలేడు. పట్నంలో చదివిస్తానని అబకార్ ఏడాదిగా బతిమాలుతుంటే, ఈరోజు రమ్మని ఉస్సేనె కబురు పెట్టాడు.

పోర్చుగీసు దొరలు తమ మేడల కోసం రాయి తవ్వుకుపోయిన గోతుల్లోనే పేదల పేట ఉంది. వీధిలో నడిచేవాడికి అక్కడి తాటాకు కప్పులు నడుము ఎత్తుకు కూడా రావు. ఊరు చూడవచ్చినవాళ్లు మేడలకు ఫొటోలు తీసుకుని సముద్రంలో మునకలేయడానికి పోతారు గానీ, ఈ గోతుల్లోకి తొంగిచూడరు. అబకార్ తొంగిచూశాడు. చూడకపోయుంటే బాగుండేది.

కింద వాకిట్లో మువాజుమా ముఖమంతా ముసిరో చెక్క అరగదీసిన తెల్లపూత. ఎదురుగా చాప మీద ఉస్సేనె, పక్కనే పడవల యజమాని షాలె, షాలె ఒళ్లో మడత విప్పని కొత్త బట్ట.

ఈ ఇంటి ఆడపిల్ల ఆ పూత మొదటిసారి పూసుకునేది పెళ్లి కుదిరిన రోజునే. అంచా అబకార్‌కు మొదట కనబడింది అలాంటి తెల్లటి ముఖంతోనే. పన్నెండేళ్ల పిల్లకా పెళ్లి! మెట్లు దిగేదాకా కూడా ఆగలేకపోయాడు.

"ఒరేయ్ ఉస్సేనె! మేనకోడల్ని చేపని అమ్మినట్టు అమ్ముకుంటున్నావురా? నీదీ ఒక బతుకేనా!"

ఎన్నడూ 'బావగారూ' అని తప్ప పిలవని నోరు అది. ప్రతి కప్పు కిందనుంచీ ఒక తల బయటికొచ్చింది.

"నాన్నా, నేనే పూసుకున్నా," అంది మువాజుమా బెదిరిపోయి. "నువ్వొస్తున్నావని. ఇప్పుడు అందరం ఊరికే పూసుకుంటాం నాన్నా."

షాలె నెత్తి కొట్టుకున్నాడు. "భలేవాడివయ్యా! ఉన్న పెళ్లాంతోనే వేగలేక చస్తున్నాను, ఇంకోటా నాకు? పిల్ల చదువుకి పోతోందని మా ఆవిడ పంపిన బట్ట ఇది. పెద్దమనిషిగా వచ్చి కూర్చోమన్నాడు నీ బావ."

అబకార్ గబగబా దిగి ఉస్సేనె కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. "తప్పయిపోయింది బావగారూ. కళ్లు మూసుకుపోయాయి."

"నన్నంటే పడతాను అబకార్," అన్నాడు ఉస్సేనె. "పేటంతా విన్నది. ఇప్పుడు పంపితే, పిల్లని అమ్ముతూ దొరికిపోయాడు కాబట్టి వదిలేశాడంటారు. రేపు నా చెల్లెళ్ల పిల్లలకి నేనేం పెద్దని? పిల్ల ఇక్కడే ఉంటుంది. నువ్వెళ్లు."

అబకార్ సంచిని గుండెలకు అదుముకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మువాజుమా కుండ దగ్గరికి పరుగెత్తింది. ఎండిపోయిన పూతను నీళ్లతో, గోళ్లతో, చర్మం కందేలా రుద్దుకుంది. నీళ్లోడుతున్న ముఖంతో వచ్చి మేనమామ ముందు నిలబడింది.

"కడిగేసుకున్నా మామయ్యా. ఇప్పుడు పంపుతావా?"