పటాలం ముందు కత్తి గుర్తు

నిఘంటువు ఆఫీసులో కోడలి పని మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వడం. ఇంట్లో ఆ పనికి మామగారు తోడు. ఆయన ఒకప్పుడు సైనికుడు. అచ్చుతప్పు కనబడితే శత్రువు కంటబడినట్టే లెక్క. అందుకని ప్రూఫులు ఇంటికొస్తే ముందు ఆయన కళ్ళజోడు కిందికే వెళ్ళేవి.

ఆ సాయంత్రం 'పటాలం' వంతు వచ్చింది. ఆమె ముచ్చటపడి రాసుకున్న మాట అది.

“ఇది మన మాట కాదు మామయ్యా, సముద్రం దాటి వచ్చింది,” అంది కూరలు తరుగుతూ. “బెటాలియన్ అంటారే, దాన్నే మనవాళ్ళు నోట్లో నానబెట్టి నానబెట్టి పటాలం చేసుకున్నారు. దాని మూలంలోకి వెళ్తే అర్థం యుద్ధం. ఇంకా వెనక్కి పోతే ఒట్టి కొట్టడం.”

“కొట్టడమా?” ఆయన నవ్వారు. “అయితే పెళ్ళికి దిగే చుట్టాల పటాలానికి సరిగ్గా అతికింది. భోజనాల దగ్గర వాళ్ళు చేసేది అదేగా.”

నవ్వుతూనే కిందికి చదివారు. 'పెద్ద గుంపు, పిల్లాజెల్లాతో కూడిన కుటుంబం' అన్న రెండో అర్థం బాగానే ఉంది. 'సైనిక దళం' అన్న మొదటి అర్థం దగ్గర ఆయన వేలు ఆగిపోయింది. దాని ముందు చిన్న కత్తి గుర్తు ఉంది.

“ఇదేమిటమ్మా?”

“ఆ అర్థంలో వాడుక చచ్చిపోయిందని గుర్తు. ఇప్పుడందరూ బెటాలియన్ అనే అంటున్నారు కదా.”

తలెత్తకుండానే చెప్పేసింది. అక్కడే తప్పు చేసింది. పొద్దస్తమానం మాటల చావుపుట్టుకలు తేల్చేవాళ్ళకి, ఎదుటి మనిషి ఆ మాటలోనే కాపురం ఉంటున్నాడన్న సంగతి తట్టదు.

“అయితే మేం పోయామన్నమాట,” అన్నారాయన. కాగితాలు సర్దిపెట్టి, ఆకలి లేదని గదిలోకి వెళ్ళిపోయారు.

పొద్దున్నే ఆమె కాఫీ పట్టుకుని వెళ్ళేసరికి తలుపు ఓరగా వేసి ఉంది. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని మంచం మీద కూర్చున్నారు. ఆ వేళకు రోజూ పాత నేస్తంతో మాట్లాడతారని ఇంటిల్లిపాదికీ తెలుసు. వాళ్ళ దళంలో మిగిలింది వాళ్ళిద్దరే.

“పటాలం?” అన్నారాయన ఫోన్లో.

ఆమె ప్రాణం లేచివచ్చింది. ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. మాటని రాసేవాళ్ళు కాకుండా వేరే ఇద్దరి నోట చెవులారా వింటే చాలు, అది బతికున్నట్టే. కత్తి గుర్తు తీసెయ్యొచ్చు. ఒక నోరు ఇక్కడే ఉంది, రెండోది ఫోన్‌కి అటువైపు ఉంది. గబగబా తలుపు తోసింది.

“మామయ్యా, స్పీకరు పెట్టండి. ఆయన కూడా ఆ మాట అనడం నేను వినాలి. వింటే ఆ గుర్తు ఇవాళే పీకేస్తాను.”

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు. దాని అద్దం నల్లగా ఉంది. అసలు ఎవరికీ చెయ్యనే లేదు.

“వాడు పోయాడమ్మా, వానలకి ముందే. మీకు చెప్పలేదు. చెబితే రోజూ ఈ వేళకి ఇక్కడెందుకు కూర్చుంటున్నానని అడుగుతారు. పటాలం అని నేనంటే, పటాలం హాజర్ అని వాడనేవాడు. ఇప్పుడు రెండూ నేనే అనుకుంటున్నాను.”

కోడలికి సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“ఆయన నోట కూడా విన్నానని రాసేస్తాను,” అంది. “ఎవరికి తెలుస్తుంది?”

“తప్పు. లేనివాడికి హాజరు వెయ్యకూడదు. గుర్తు ఉండనీ.”

ప్రూఫులు గుర్తుతోనే అచ్చుకి వెళ్ళాయి. సంతకం పెట్టేటప్పుడు ఆమె మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అని సంపాదకుడు అడిగాడు. నిద్ర చాల్లేదని బొంకింది.

మర్నాడు అదే వేళకి మామగారు ఫోన్ చెవిన పెట్టుకున్నారు. “పటాలం?” అన్నారు. జవాబు తనే చెప్పుకోబోతుంటే గడప దగ్గర నుంచి వినిపించింది.

“పటాలం హాజర్.”

ఆయన ఇటు తిరగలేదు, ఫోన్ చెవి నుంచి తియ్యలేదు.

“గట్టిగా చెప్పమ్మా. వాడు గట్టిగా అనేవాడు.”

కోడలు కాఫీ గ్లాసు కింద పెట్టి, నిటారుగా నిలబడి, ఇల్లంతా వినబడేలా మళ్ళీ అంది.