నాలుగు సార్లు మోగింది

ఆ శనివారం చేయవలసిన పనులు ఆరు. ఫైర్ స్టేషన్ గోపురంలో ఆరుతున్న నీళ్ల పైపులు దించి చుట్టాలి. వాటి ఇత్తడి మూతులు తుడవాలి. కొత్త సంవత్సరం క్యాలెండర్లు ఇంటింటికీ ఇచ్చి రావాలి. మధ్యాహ్నం పన్నెండింటికి సైరన్ మోగించి చూడాలి. రెండింటి మీటింగుకు టీ కాచాలి. మీటింగులో సైరన్ గది తాళంచెవి అప్పగించాలి.

నేజ్కా వీటిని పాత కవరు వెనక పెన్సిల్‌తో రాసుకుంది. ఆరోది రాసేటప్పుడు అక్షరాలు వాటంతట అవే చిన్నవైపోయాయి.

ఉదయం ఏడింటికల్లా ఆమె ఫైర్ స్టేషన్ గోపురం కింద ఉంది. తాడు వదులుతుంటే ఇరవై మీటర్ల గుడ్డ పైపు పైనుంచి మెల్లగా దిగి నేలమీద కుప్పపడేది. దాన్ని సగానికి మడిచి, మోకాలి కింద అదిమిపెట్టి, చాప చుట్టినట్టు బిగించి చుట్టేది. వయసు అరవై నాలుగు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మగవాడి భుజాల్లా వెడల్పు. మారిబోర్ పట్నంలోని బట్టలమిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినందుకు కుడిచేతి మధ్యవేలు కొక్కెంలా వంగి ఉండిపోయింది. ఆ మిల్లే చెవుల్లో సగం తీసేసుకుంది. పిచ్చుకల అరుపు వినబడి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తులేదు. ఫోను గంట, సైరన్, మనుషుల కోపం మాత్రం బాగానే వినబడతాయి.

మారిబోర్ శివార్లలోని యసెన్యె అనే ఆ ఊళ్లో జీతం తీసుకునే ఫైర్‌మన్ ఒక్కడూ లేడు. బస్సు మెకానిక్కు, రొట్టెల బట్టీవాడు, బడి పంతులు, అలా పద్నాలుగు మంది కలిసిన సంఘం అది. నిప్పంటుకుంటే ఎవరి పని వాళ్లు వదిలేసి పరుగెత్తుకొస్తారు. ఆ కట్టడం కూడా ఊరంతా ఆదివారాలు ఇటుకలు మోసి కట్టుకున్నదే. నేజ్కా భర్త లోవ్రెన్స్ కూడా ఇటుకలు మోశాడు. స్టేషనుకు ఆనుకుని వాళ్ల ఇల్లు. నేజ్కా మిల్లులో రాత్రి పాళీ చేసి పగలంతా ఇంట్లోనే ఉండేది, రాత్రిళ్లు లోవ్రెన్స్ ఉండేవాడు. అందుకని నిప్పు కబురు వచ్చే ఫోను వాళ్ల వంటింట్లో పెట్టారు. లోవ్రెన్స్ పోయాడు. ఆమెకు పింఛను వచ్చింది. దేశం పేరు మారింది, స్టేషను నొసటి మీద ఎర్ర నక్షత్రం ఊడదీశారు. ఫోను మాత్రం అక్కడే ఉంది. ఇరవై రెండేళ్లలో మిల్లుకు తప్ప నేజ్కా ఊరు దాటింది లేదు. ఫోను దగ్గర ఇంకొకరిని కూర్చోబెడితే తప్ప గడప దాటేది కాదు. సముద్రం రైల్లో ఒక పూట దూరం. ఆమె చూడలేదు.

స్టేషను గోడమీద సంఘం ఫొటోలు పదిహేడున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. ఆమె సభ్యురాలు కాదు మరి, పైపులు కడిగే మనిషి.

సైరన్‌కు యసెన్యెలో ఒక పద్ధతి ఉంది. ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి మోగుతుంది. అది పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి. అది మోగగానే ఆడవాళ్లు సూపు గిన్నె బల్లమీదికి తెస్తారు, మగవాళ్లు చేతులు కడుక్కుంటారు. 'సూపు గంట' అని దానికి ముద్దుపేరు కూడా ఉంది. నిజంగా నిప్పంటుకుంటే ఇదే కూత, జనం వచ్చేదాకా మళ్లీ మళ్లీ మోగుతుంది. తేడా అంతే.

జూన్ నెల మొదటి శనివారం పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఫోను మోగింది. వీధి చివర పుష్నిక్ వాళ్ల పశువుల కొట్టం అంటుకుంది. నేజ్కా పరుగెత్తి మీట నొక్కింది. జనం సూపు వడ్డించుకున్నారు. రెండోసారి నొక్కింది. మూడోసారి. నాలుగోసారి. తర్వాత వీధిలో పడి గీడో ఇంటిదాకా పరుగెత్తింది. గీడో లెష్నిక్ సంఘానికి కమాండరు. బండి కదిలేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. ఆవులను విప్పడానికి లోపలికి వెళ్లిన పుష్నిక్ ముసలాయన బయటికి రాలేదు.

ఆ తర్వాతి మీటింగులో పద్నాలుగు మందీ ఒకే మాట చెప్పారు. సైరన్ ఒక్కసారే మోగిందని. గీడో సంఘం పుస్తకంలో అలాగే రాశాడు. 'ఒకసారి' అన్న ఆ మాట పద్నాలుగు ఇళ్లను నింద నుంచి కాపాడింది. తప్పంతా నేజ్కా మీద పడింది, ఏడాది చివర తాళంచెవి అప్పగించమన్నారు. నేజ్కా తలుపు దగ్గర టీ పళ్లెం పట్టుకుని, "నాలుగు సార్లు మోగించాను" అంది. ఎవరూ తలెత్తలేదు. ఆరు నెలలుగా ఆమె కోరేది ఒక్కటే. ఆ మాట దిద్దాలి. ఫోను తీసుకెళ్లండి, తాళంచెవి తీసుకోండి. ఆ మాట దిద్దండి.

తొమ్మిదింటికి ఆమె ఫోను దగ్గర పక్కింటి ముసలమ్మను కూర్చోబెట్టి, క్యాలెండర్లు చంకన పెట్టుకుని బయలుదేరింది. ఏటా ఈ క్యాలెండరు ఇవ్వడానికి వెళ్తే ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి వాల్‌నట్ రొట్టె పెట్టేవాళ్లు. ఈసారి మొదటి మూడు ఇళ్లలో కిటికీ తెర కదిలింది, తలుపు కదల్లేదు. నాలుగోది జోఫ్కాది. ఇద్దరూ మిల్లులో పక్కపక్క మగ్గాల మీద పనిచేసినవాళ్లు. జోఫ్కా చిన్నకొడుకు ఆ పద్నాలుగు మందిలో ఒకడు.

జోఫ్కా చీపురు పట్టుకునే తలుపు తీసింది.

"నువ్వా? గీడో నిన్ను తిరగొద్దన్నాడటగా."

"ఏటా నేనే ఇస్తాను కదే."

"ఏటా మనుషులు కాలిపోలేదు కదా." జోఫ్కా క్యాలెండరు అంచు రెండు వేళ్లతో పట్టుకుంది, తడిసిన ఎలుకను పట్టుకున్నట్టు. "ఏ బొమ్మ వేశారు? ఫైరింజనా? దాన్ని చూస్తూ ఏడాదంతా అన్నం తినాలా నేను?"

"జోఫ్కా, ఆ రోజు మీ కిటికీ తెరిచే ఉంది. నేను గీడో ఇంటికి పరుగెత్తుతూ చూశాను. మీవాడు బల్ల దగ్గరున్నాడు."

"ఉంటే?"

"ఎన్నిసార్లు మోగిందో మీకు తెలుసు."

జోఫ్కా ముఖం ఎర్రబడింది. "ఇదిగో చూడు, ముసలిదానా! చెవిటిదానికి సైరన్ అప్పగించడం ఈ ఊరి ఖర్మ. నీకు ఒకటి నాలుగుగా వినబడిందేమో! నా కొడుకు నెత్తిన రుద్దకు. వాడికి పిల్లలున్నారు." తలుపు వేసేసింది. క్యాలెండరు మెట్టుమీద పడింది. నేజ్కా వంగి, దుమ్ము దులిపి, తలుపు పిడికి దారంతో కట్టి వచ్చింది.

వీధి చివర పుష్నిక్ ఇల్లు. కొట్టం ఉన్నచోట నల్లటి నేల, దానిమీద కొత్త కలప పేర్చి ఉంది. కొడుకు మాతియా కంచె దగ్గరే నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, ఆరు నెలల్లో యాభై ఏళ్లవాడైపోయాడు.

"ఒక్క అడుగు లోపల పెట్టావంటే కుక్కను వదులుతాను, అత్తా."

"పెట్టను. ఇది తీసుకో నాయనా."

"ఏం చేసుకోను? మా నాన్న పోయిన తేదీకి సున్నా చుట్టుకోనా?"

నేజ్కా క్యాలెండరును కంచె మీద పెట్టింది. మాతియా దాన్ని వీధిలోకి విసిరేశాడు. ఆమె తీసుకుని చంకలో పెట్టుకుంది. నలభైలో ఇరవై తొమ్మిది క్యాలెండర్లు తిరిగి స్టేషనుకే వచ్చాయి.

పదకొండున్నరకు గీడో మోటారుసైకిల్ మీద వచ్చాడు. దిగకుండానే మాట్లాడాడు.

"పిన్నీ, మళ్లీ మొదలుపెట్టావటగా. జోఫ్కా నా మీద పడి అరిచింది."

"ఆ మాట దిద్దు గీడో. తాళంచెవి ఇప్పుడే ఇచ్చేస్తాను."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? పద్నాలుగు మంది ఒకటన్నారు, నువ్వొక్కదానివి నాలుగన్నావు. నేనెవరిది రాయాలి?"

"నువ్వెన్ని విన్నావు?"

గీడో చేతి తొడుగు లాగి మళ్లీ తొడుక్కున్నాడు. "పన్నెండుకు ఒకసారి మోగించు. భోంచేసి వస్తాం. గౌరవంగా ముగించుకుందాం పిన్నీ, నా మాట విను." బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పన్నెండింటికి నేజ్కా మీట నొక్కింది. కూత పైకి లేచి, యసెన్యె కప్పుల మీద పరుచుకుని, దిగింది. ఆమె చేయి మీట మీదే ఉంది. ముందుగా అనుకుని చేసింది కాదని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఆమె ఆ చేతికేసి కాసేపు చూసింది. మళ్లీ నొక్కింది.

రెండో కూత సగంలో ఉండగానే తలుపులు తెరుచుకున్నాయి. మూడోదానికి వీధి నిండా జనం పరుగెడుతున్నారు. రొట్టెలవాడు మెడలో తువాలుతోనే వచ్చాడు, పంతులు ఒక కాలికే బూటు వేసుకున్నాడు. నాలుగోదానికి గీడో సైరన్ గది తలుపులో ఉన్నాడు.

"ఎక్కడ? ఎవరిల్లు?"

"ఎక్కడా లేదు" అంది నేజ్కా, మీట మీంచి చేయి తీసి.

గీడోకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. బయట పద్నాలుగు మంది, వాళ్ల వెనక ఆడవాళ్లు, రొప్పుతూ నిలబడ్డారు.

"నీకు మతి పోయిందా?" జోఫ్కా కేక పెట్టింది. "నా కొడుకు సూపు ఒలికి కాలు కాల్చుకున్నాడు!"

"పోలీసులను పిలవండి." ఎవరో అన్నారు. "ఈమెను ఇక ఒక్క నిమిషం ఇక్కడ ఉంచకూడదు."

నేజ్కా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మిల్లులో యంత్రాల హోరు మీద మాట్లాడిన గొంతు ఆమెది. చిన్నగా మాట్లాడటం ఎప్పుడూ రాలేదు.

"ఎన్నిసార్లు మోగింది?"

"నాలుగు! చెవులు చిల్లులు పడ్డాయి!" అన్నాడు పంతులు కోపంగా. అన్నాక నోరు మూసుకున్నాడు.

"జూన్‌లోనూ ఇంతే మోగించాను. ఇదే మీట, ఇదే చేయి. ఆ రోజు సూపు తాగారు."

రొట్టెలవాడు మెడలో తువాలు తీసి మడతపెట్టాడు. జోఫ్కా కొడుకుకేసి చూసింది, కొడుకు నేలకేసి చూశాడు. గీడో గొంతు సవరించుకుని, "సరే, అందరూ ఇళ్లకు వెళ్లండి. రెండింటికి మీటింగులో మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఏం మాట్లాడతావు?"

గుంపు వెనకనుంచి వచ్చాడు మాతియా. జనం పక్కకు తప్పుకున్నారు.

"ఆ రోజు నేను మా అత్తగారింట్లో ఉన్నాను, కింద వీధిలో" అన్నాడు. "మొదటిది విన్నాను. రెండోదీ విన్నాను. మూడోదానికి 'నేజ్కా చేయి మీటకు అతుక్కుపోయింది' అన్నాను. అందరూ నవ్వారు. నాలుగోదానికి మా ఆవిడ కిటికీ వేసింది." అతని గొంతు మెత్తబడలేదు. నేజ్కా వైపు తిరిగి, "విన్నాను. చాలా? ఇప్పుడు మా నాన్న లేచొస్తాడా?" అని అరిచాడు.

"రాడు నాయనా" అంది నేజ్కా.

"రాయి గీడో. ఇప్పుడే, నా ముందు రాయి" అన్నాడు మాతియా.

గీడో బీరువా తెరిచి పుస్తకం తీశాడు. జూన్ పేజీ వెతకడానికి చాలాసేపు పట్టింది. 'ఒకసారి' కొట్టేసి పైన రాశాడు.

"చదువు" అంది నేజ్కా.

"సైరన్ నాలుగు సార్లు మోగింది."

"నాకు వినబడలేదు."

గీడో ముఖం కందిపోయింది. వీధిదాకా వినబడేటట్టు చదివాడు. నేజ్కా తల ఊపింది. మెడలోని తాడు తీసి, తాళంచెవి పుస్తకం మీద పెట్టింది.

క్షమించమని ఒక్కరూ అనలేదు. చల్లారిన సూపు దగ్గరికి ఒకరి తర్వాత ఒకరు వెళ్లిపోయారు. వెళ్తూ జోఫ్కా, "అయినా ఇలా బెదరగొట్టడం మంచి పనా?" అని గొణిగింది. మాతియా అప్పటికే వీధి చివరన ఉన్నాడు.

నేజ్కాకు ఇంకా మూడు పైపులు మిగిలాయి. గోపురం కింద నేల తడిగా ఉందని రబ్బరు బూట్లు తొడుక్కుంది. రెండు పైపులు చుట్టింది. టీ నీళ్లు పొయ్యిమీద పెట్టింది. మూడోది ఒళ్లో పెట్టుకుని బల్లమీద కూర్చుంది.

రెండింటికి మీటింగుకు వచ్చినవాళ్లకు ఆమె అలాగే కనిపించింది, గోడకు ఆనుకుని, గడ్డం రొమ్ముమీద వాలి, వంగిన ఆ వేలు పైపు అంచులో ఇరుక్కుని. అలిసి నిద్రపోయిందనుకుని గీడో "పిన్నీ" అని రెండుసార్లు పిలిచాడు. చెవిటిది కదా అని మూడోసారి గట్టిగా పిలిచాడు. టీ నీళ్లు ఇంకా మరుగుతున్నాయి.

రబ్బరు బూట్లతోనే ఆమె శవాన్ని తీసుకెళ్లారు. స్టేషను లోపల గడప పక్కన, పద్నాలుగు జతల బూట్ల వరుస చివర, ఆమె విడిచిన బూడిదరంగు ఉన్ని చెప్పులు ఉండిపోయాయి. వాటిని ఇంటికి పంపడానికి అక్కడ ఎవరూ లేరు, పారేయమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మీరెప్పుడైనా యసెన్యెలో బస్సు దిగి ఆ స్టేషనులోకి తొంగిచూస్తే, నేజ్కా అనే మనిషిని ఒక్కసారి తలచుకోండి. చెప్పులు గడప పక్కనే ఉంటాయి, మడమల దగ్గర అరిగి, మునివేళ్లు వీధి వైపు తిరిగి.