పన్నెండు నల్ల మచ్చలు

తడి కాగితం వాసన.

ఇల్లంతా అదే. నిన్న తడిపి బరువు కింద పెట్టాం. ఈరోజు అచ్చు వెయ్యకపోతే బూజు పడుతుంది. తడి కాగితం ఎవరి కోసమూ ఆగదు…

కిటికీ అవతల థేమ్స్ నది కూడా ఆగడం లేదు.

ఈ పుస్తకానికి ఏడాదిన్నర పట్టింది. బొమ్మలు నేను చెక్కాను — గట్టి చెక్క మీద, కుడిఎడమలు తిప్పి. అక్షరాలు హోరేస్ పేర్చాడు. ఒకే ఇల్లు, ఒకే దీపం, ఒకే మంచం.

చివరి పేజీలో రెండు పేర్లు. హోరేస్ ఫించ్. క్లెమెంట్ రడ్జ్. చర్చి పెళ్ళిళ్ళ రిజిస్టర్లో మా పేర్లు పక్కపక్కన ఎవరూ రాయరు. అందుకే ఇక్కడ.

పొద్దున్నే పుస్తకాల షాపు ప్రిచర్డ్ వచ్చాడు. టోపీ కూడా తియ్యలేదు.

"పేపర్లు చూడట్లేదా బాబూ? మగాడితో మగాడు ఉన్నందుకు రాణిగారి జడ్జీలు రెండేళ్ళు జైలు వేశారు. ఒక్క పేరు చాలు. రెండుంటే ఈ పుస్తకం నేను అమ్మను."

హోరేస్ తల ఎత్తకుండా అక్షరాలు సర్దుకుంటూనే ఉన్నాడు. అదే నన్ను కోసింది.

ప్రిచర్డ్ వెళ్ళాక అన్నాను. "నా పేరే పీకెయ్. నీకూ హాయి."

"నోరు ముయ్యరా. నిన్ను బోనులో చూడలేను నేను."

బయటికి వెళ్ళాను. లోపలికి వచ్చాను. మళ్ళీ బయటికి… కాళ్ళు నిలవవు. నది నిలవదు.

ప్రెస్సు చప్పుడు. ఒక్కసారి.

పరుగెత్తాను. కాగితం మీద హోరేస్ ఫించ్ — పక్కన నా పేరు లేదు. ఖాళీ కూడా లేదు. పన్నెండు నల్ల మచ్చలు.

నా పేరు తియ్యలేదు వాడు. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు — ఒక్కోదాన్నీ అడుగు పైకి వచ్చేలా తలకిందులు చేసి, అక్కడే నిలబెట్టాడు.

అచ్చుపని చేసేవాళ్ళందరికీ ఆ గుర్తు తెలుసు. పెట్టెలో ఏదైనా అక్షరం నిండుకుంటే, ఇంకోదాన్ని తిరగేసి పెడతాం. అసలుది వస్తుంది, అంతవరకు ఈ చోటు దానిదే అని. ప్రూఫు దాటి ఆ మచ్చ పుస్తకంలోకి వెళ్ళిందా, పేర్చినవాడి పరువు పోయినట్టే.

కామా పక్కకి జరిగితే అన్నం మానేసే మనిషి వాడు.

"పని రానివాడంటారు రా నిన్ను."

"అననీ. కాగితం ఆరిపోతోంది. సిరా పట్టు."

పట్టాను. ఏడుస్తూనే పట్టాను.

రెండు వందల కాగితాలు దండేల మీద వేలాడుతున్నాయి. రేపు ప్రిచర్డ్ వస్తాడు. అడుగుతాడో, చూసీ చూడనట్టు ఊరుకుంటాడో…

మచ్చలు ఆరుతున్నాయి. వేలితో తాకి చూస్తే ఇంకా అంటుకుంటున్నాయి.

ఇల్లంతా తడి కాగితం వాసన.