కృతజ్ఞత కూడిక మర్నాడు

గడ్డకట్టిన కోడి మనిషి మోకాలి మీద పెడితే ఎంతసేపటికి మెత్తబడుతుందో ఏ వంటల పుస్తకంలోనూ ఉండదు, డెన్మార్క్ నుంచి ఓడెక్కి మస్కట్ దాకా వచ్చిన ఈ కోడి పలావులో పడదామనే వచ్చి ఉంటుంది పాపం, నిన్న గుండిగలో చోటు చాలక మిగిలిపోయి ఇవాళ తువ్వాలు చుట్టుకుని నా దుప్పటి కింద పడుకుంది, కరిగిన నీళ్లు పరుపులోకి దిగుతున్నాయి, దిగనీ, పరుపు సంగతి తర్వాత, ముందు ఆయన ఇల్లు కదలాలి, బాత్‌రూమ్‌లో గడ్డం గీసుకుంటూ ఏంటే కృపా ఇంకా లేవలేదు అంటున్నారు, నిన్నటి బడలికండీ అన్నాను, అబద్ధం కాదది, నిజంలోంచి ఓ చిన్న ముక్క కోసి ఇచ్చానంతే, మిగతాది దుప్పటి కింద ఉంది, బొంబాయిలో కొత్త కీలు వేసిన కుడి మోకాలు, నిన్న మధ్యాహ్నం దాకా బుద్ధిగా ఉన్నది ఇవాళ పనసకాయలా ఉబ్బింది, చెయ్యి పెడితే వేడి, కోత పడిన గీత సాగి సాగి మెరుస్తోంది, టీ పెట్టుకుని నాకూ ఓ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టారు, ముఖం వంక చూశారు, నవ్వాను, నా నవ్వు చూసి తనూ నవ్వారు, పడుకో, ఆసుపత్రి స్టోర్సులో ఇవాళ లెక్కలున్నాయి, మధ్యాహ్నం అన్నానికి వస్తాను, నేనే ఏదో వేడి చేస్తాలే అని చెప్పి వెళ్లిపోయారు, తలుపు మూసుకున్నాక నా నవ్వు ఎవరికోసం ఇంకా ముఖం మీద ఉందో తెలియక తీసేశాను.

టక్ మంది, అవును, లోపల టక్ మంది, నిన్న లేస్తున్నప్పుడు, ఎముక చప్పుడు కాదది, అల్మరా తలుపు పట్టుకున్నప్పుడు వచ్చే చప్పుడు, అందరూ ఆమెన్ అన్నారు కాబట్టి ఎవరికీ వినపడలేదు, అసలు ఇదంతా కృతజ్ఞత కూడిక వల్ల వచ్చింది, మా వాళ్లకి మేలు జరిగితే ఊరికే అనుభవించడం రాదు, ఇంటికి సంఘాన్ని పిలిచి, వాక్యం చెప్పించి, సాక్ష్యం చెప్పి, భోజనం పెడితే గాని ఆ మేలు పూర్తయినట్టు కాదు, మచిలీపట్నంలో అమ్మకి టైఫాయిడ్ తగ్గినప్పుడూ అంతే, తమ్ముడు ఇంటర్ గట్టెక్కినప్పుడూ అంతే, కాబట్టి నా మోకాలికీ శుక్రవారం మా హాల్లో చాపలు పరిచి కూడిక పెట్టాం, నేను నిలబడి సాక్ష్యం చెప్పాను, నడవలేని నన్ను దేవుడు నడిపించాడని, తర్వాత సంఘ పెద్ద ఇమ్మానియేలు గారు మోకరిద్దాం అన్నారు, సిస్టర్ గారూ మీరు మాత్రం కుర్చీలోనే ఉండండి అని కూడా అన్నారు, ఆయన తప్పేమీ లేదు, ఇప్పుడే కదా దేవుడు కొత్త మోకాలు ఇచ్చాడని అందరి ముందూ చెప్పింది, చెప్పి కుర్చీలో కూర్చుంటే ఆ మోకాలు ఎందుకిచ్చినట్టు, ముసలావిడలు సైతం చీర సర్దుకుని దిగుతున్నారు, నేనూ దిగాను, రెండు మోకాళ్ల మీదా, బొంబాయి డాక్టరు ఇంకేం చేసినా ఇది మాత్రం చెయ్యకమ్మా అని వేలు చూపించి చెప్పిన ఒక్క పనినే, దేవుడికి థాంక్స్ చెప్పడానికి చేశాను.

ఇమ్మానియేలు గారి ప్రార్థన ఈ దేశంలో రోడ్ల కంటే పొడుగు, ఏలేవారి కోసం చేశారు, కంపెనీల కోసం, వీసాల కోసం, ఖురంలో కొత్తగా డ్యూటీలో చేరిన సహోదరి కోసం, అప్పటికి మోకాలి కింద చీమ కుట్టినట్టుంది అంతే, అక్కణ్ణుంచి ప్రార్థనలోనే బహ్లా ఊరికి వెళ్లారు, అక్కడి నర్సులను ఒక్కొక్కరినే పేరు పెట్టి దీవించారు, చీమ మేకు అయింది, షినాస్ చేరేసరికి, అక్కడ చేపల కంపెనీలో ఉన్న మా సంఘం కుర్రాడి కడుపునొప్పి దగ్గర, మేకు కాల్చిన చువ్వ అయింది, ఆ కుర్రాడి కడుపునొప్పి తగ్గిపోవాలని నేను ప్రార్థించినంత గట్టిగా వాళ్లమ్మ కూడా ప్రార్థించి ఉండదు, కళ్లు తెరిచి చూస్తే పక్క ఫ్లాట్ మణికుమారి, మా ఆయన పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు, అందరూ కళ్లు మూసుకున్న చోట తనొక్కతే కళ్లు తెరిచి నన్నే చూస్తోంది, నేను చప్పున మూసేసుకున్నాను.

ఒక్క మోకరించడమే అయితే పోనీ, పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాను కదా, మేం వచ్చి వండుతాం అక్కా అని ఆడవాళ్లు రెండుసార్లు కబురు పెట్టారు, వద్దన్నాను, కూర్చుని ఉల్లిపాయలు తరగవే అని ఆయన స్టూలు తెచ్చి పెట్టారు, దాని మీద బియ్యం డబ్బా పెట్టుకున్నాను, పలావు గుండిగ నేనే దించాను, మాంసం నేనే కలిపాను, ఎవరైనా వంటింట్లోకి తొంగిచూస్తే కావాలనే చకచకా నడిచి ఉప్పు తెచ్చాను, ఉప్పు చేతికందే చోటే ఉంది, దూరంగా పెట్టింది కూడా నేనే, ఇప్పుడు పక్క సైట్లో సుత్తి మొదలైంది, కొత్త బిల్డింగుకి చెక్కలు బిగిస్తున్నారు, ఠంగ్ ఠంగ్, అదే చప్పుడు, బొంబాయిలో నడుం కింద మొద్దుబార్చి నాకు తెలివి ఉండగానే కోశారు, తెర అడ్డం పెట్టారు గాని చెవులకి ఎవరూ తెర పెట్టలేదు, వడ్రంగి పని విన్నట్టు విన్నాను, సుత్తి, ఉలి, మళ్లీ సుత్తి, మన ఇంటికి మంచమో, ఎవరింటికో తలుపో చేస్తున్నారనుకుంటూ పడుకున్నాను, కిటికీ అవతల మన కరీంనగర్ మేస్త్రీ లచ్చన్న గొంతు, అరే పెద్దులూ మెల్లగ కొట్టు, పాత కట్టెరా అది, ఇరిగితే మల్ల అతకది అంటున్నాడు, నా మాట నాకు చెప్పడానికి కిటికీ దాకా వచ్చినట్టుంది.

అతకదు, మళ్లీ అతకదు, బొంబాయిలో నా పక్క మంచం పార్సీ ఆవిడకీ ఇలాగే ఇంటికెళ్లాక ఉబ్బిందట, వేడెక్కిందట, లోపల చీము పట్టిందని మళ్లీ తెరిచి, పెట్టిన కీలు పీకేసి, కాలు తిన్నగా కర్రలా బిగించేశారు, ఇంక వంగదు, జీవితమంతా వంగదు, ఆవిడ కుర్చీలో కూర్చుంటే కాలు గదిలోకి ముందుకి పొడుచుకు వచ్చేది, నర్సులు దాన్ని దాటుకుంటూ పోయేవాళ్లు, సినిమాకి వెళ్లలేను డియర్, ముందు సీటువాడి వీపులో పొడుస్తుంది అని తనే నవ్వేది, ఆ నవ్వుకి నేనూ నవ్వాను, ఇప్పుడు ఈ గదిలో నా కాలు అలా పొడుచుకువచ్చి కనపడుతోంది, విమానంలో ఎలా, టాక్సీలో ఎలా, మన మంచం మీద ఆయన పక్కకి ఒత్తిగిలడం ఎలా, బి.ఎ.లో లాజిక్ చదివాను, చీము పట్టిన మోకాలు వేడిగా ఉంటుంది, నా మోకాలు వేడిగా ఉంది, కాబట్టి నా మోకాలికి చీము పట్టింది, ఇది తప్పు వాదన అని లెక్చరర్ బోర్డు మీద కొట్టేసి చూపించారు, కాని మోకాలు కాలేజీకి రాలేదు, చెమట పడుతోంది, జ్వరమా, ఏసీ ఆన్‌లోనే ఉంది, చెయ్యి నుదుటి మీద పెట్టుకుంటే రెండూ నావే, ఏది వేడో ఎలా తెలుస్తుంది, పైగా బాత్‌రూమ్‌కి వెళ్లాలి, తెల్లారినప్పటి నుంచీ వెళ్లాలి, కోడిని పక్కకి నెట్టి కాలు మంచం అంచు దాకా రెండు చేతులతో జరిపాను, కిందకి వేలాడేస్తే రక్తమంతా ఒక్కసారి మోకాల్లోకి దిగింది, మడమ నేలకి తాకించానో లేదో కేక దానంతటదే వచ్చింది, ఖాళీ ఇంట్లో నా కేక నాకే పరాయిగా వినపడింది, తండ్రీ, నిన్న అందరి ముందూ నీ పేరు చెప్పుకున్నాను, ఇవాళ నా పరువూ నీ పరువూ ఒకే మోకాల్లో ఉన్నాయి, చూసుకో.

గొళ్లెం వెయ్యలేదు కాబట్టి మణి నేరుగా లోపలికి వచ్చింది, యూనిఫాం కూడా మార్చలేదు, కేక మెట్ల దాకా వినపడింది అక్కా అంది, ఏం లేదే కాలు తగిలింది అన్నాను, దుప్పటి తీసింది, కోడిని చూసింది, నన్ను చూసింది, దీనికి ఎన్నాళ్లు బెడ్‌రెస్టు రాశావక్కా అంది, నవ్వాననుకున్నాను గాని కళ్లలోంచి నీళ్లు వచ్చాయి, ముందు నన్ను తన భుజానికి ఆనించుకుని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లి తెచ్చింది, తర్వాత థర్మామీటరు నాలుక కింద పెట్టింది, మాట్లాడకుండా ఉండాల్సి రావడంతో భయమంతా కళ్లలోకి వచ్చి కూర్చుంది, గీత వెంట వేలితో మెల్లగా నొక్కుతూ పోయింది, ఎక్కడైనా చెమ్మ ఉందా, ఎరుపు పైకి పాకుతోందా, పిక్క గట్టిపడిందా, పాదం వేళ్లు ఆడించు అంది, ఆడించాను, థర్మామీటరు కిటికీ దగ్గర పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది, అంతసేపు ఏముంటుంది అందులో, సుత్తి ఆగింది, మళ్లీ మొదలైంది, జ్వరం లేదక్కా అంది, చీముకైతే ఒంట్లో చలి పుట్టేది, ఇది వాపు, పని చేయించిన వాపు, కాని నా మాట మీద ఉండిపోకు, సాయంత్రం డాక్టర్ని తీసుకొస్తాను, ఆయన చూసి సూదితో నీరు తీసి చూద్దామంటే తీయించుకోవాలి, లోపల టక్ మంది మణీ అన్నాను, ఎవరికీ చెప్పని మాట, తను ఒక్క క్షణం ఆగింది, ఆ ఒక్క క్షణంలో నేను బొంబాయి వెళ్లి, తెరిపించుకుని, కర్ర కాలితో తిరిగొచ్చాను, టక్ మన్నాక కాలు జారిపోతోందా, పక్కకి వంగిపోతోందా అంది, లేదు, అయితే ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది, ఇప్పుడే తెలియదు, తెలియదని చెప్తున్నానని కోపం తెచ్చుకోకు, కాలు ఎత్తులో పెట్టి పడుకో, వంట లేదు, నడక లేదు, ఎవరైనా వస్తే లేచి కూర్చోవడం కూడా లేదు, అన్నయ్యకి నువ్వు చెప్తావా నేను చెప్పనా అంది, నేనే చెప్తానన్నాను, ఎలా చెప్పాలో తలగడ కింద వెతుక్కుంటూ.

ఆయన వచ్చారు, చెప్పుల చప్పుడు, తాళాలు బల్ల మీద పెట్టిన చప్పుడు, నేను వాక్యం తయారు చేసుకుంటున్నాను, కొంచెం వాచిందండీ, కొంచెం అనే మాట ఎక్కడ పెడితే బాగుంటుందో చూస్తున్నాను, ఆయన గుమ్మం దగ్గరే నిలబడి మణి ఏమంది అన్నారు, మణి వచ్చిందని మీకెలా తెలుసు అన్నాను, నేనే పంపాను, నైటు డ్యూటీ దిగగానే వెళ్లమన్నాను అన్నారు, ఆ మాట నాకు అర్థమయ్యేలోగా వచ్చి మంచం అంచున కూర్చున్నారు, నిన్న ప్రార్థనలో నేనూ కళ్లు మూసుకోలేదే, షినాస్ దగ్గర నువ్వు పెదవి రక్తం వచ్చేలా కొరుక్కోవడం చూశాను, లేచొచ్చి నిన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెడదామనుకున్నాను, అందరిలో నీ సాక్ష్యం తీసేసినట్టవుతుందేమోనని ఊరుకున్నాను, రాత్రి నువ్వు పడుకున్నావని నేనూ, నేను పడుకున్నానని నువ్వూ, అని ఆపేశారు, ప్రేమచంద్ అనే ఈ మనిషి స్టోర్సులో గాజు సీసాలు సర్దినట్టు ఎప్పుడూ ఒక్కో మాటే జాగ్రత్తగా పెడతారు, ఇన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ పెట్టలేదు, పొద్దున నా నవ్వు చూసి నవ్విన నవ్వు వెనక ఉన్నది ఇదా, నా దానికంటే బాగా కుట్టినదే, ఒకే గదిలో ఇద్దరం ఒకరి నుంచి ఒకరం ఒకే భయాన్ని దాచుకున్నాం, నాకు భయంగా ఉందండీ అన్నాను, అన్నంత మాత్రాన సుత్తి చప్పుడు తగ్గలేదు, వాపు తగ్గలేదు, సాయంత్రం డాక్టరు ఏమంటాడో ఇంకా తెలియదు, నాకూ అన్నారాయన, నా మడమ కింద ఒక చెయ్యి, మోకాలి కింద ఒక చెయ్యి పెట్టి కాలిని దిండు మీదకి ఎత్తబోయారు, నేను అలవాటుగా ఊపిరి బిగపట్టి తొడ బిగించి బరువంతా నేనే మోసుకుంటున్నాను, ఆయనకి బరువు తెలియకుండా, బొంబాయి నుంచి వచ్చిన రోజు నుంచీ ఎవరు పట్టుకున్నా ఇలాగే మోస్తున్నాను, అప్పుడు తెలిసింది, నన్ను పడగొట్టింది గుండిగ కాదు, మోకరించడమూ కాదు, బాగైపోయానని రోజంతా చేసిన డ్యూటీ, సెలవన్నది లేని డ్యూటీ, తొడ వదిలేశాను, మెల్లగా, మొత్తం, కాలు ఒక్కసారి బరువెక్కి ఆయన చేతుల్లోకి దిగింది, అబ్బా ఇంత బరువుందేంటే అన్నారు, ఉంటుందండీ అన్నాను.