బటన్ల డబ్బాలో చెవి మిషన్

సిద్ధిరాములు మిషన్ తొక్కుతూనే ఉన్నాడు. ఎడమ పాదానికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది, తొక్కేదంతా కుడికాలే. అమీర్‌పేట హాస్టళ్ల సందులో, మెట్ల కింద, మిషన్ పట్టేంత చోటు. పక్కన బోనాలకు ఇయ్యాల్సిన జాకెట్ల గుట్ట.

అరికాలిలో నల్లమచ్చ లేచినప్పుడు, తొక్కీ తొక్కీ ఆనె కాసిందనుకున్నాడు. దారాలు కోసే బ్లేడుతో చెక్కి, గాటు మీద మిషన్ నూనె రాసుకున్నాడు. మచ్చ మళ్లీ వచ్చింది, మళ్లీ చెక్కాడు. అది చర్మానికొచ్చే క్యాన్సరని చెప్పేదెవడు? చెవి మొద్దుబారితే పంజగుట్ట రోడ్డు మీద చెవి మిషన్ అంటగట్టారు. చెవిలోంచి తీస్తే చాలు, కుయ్యిమనేది. అది పనికిరాలేదంటే ఇంకాస్త పెద్దది అంటగట్టారు. కుంటుకుంటూ వచ్చిన మనిషిని చెప్పు విప్పి చూపించమన్నవాడు ఒక్కడూ లేడు. ఆఖరికి స్కానింగులో తేలింది: కాలి మచ్చ మెదడుకెక్కి, వినికిడి నరాల పక్కన గడ్డయి కూర్చుంది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికొచ్చినవాడు మిషన్ ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం హాస్టల్ పిల్ల రవళి జాకెట్ వెనక్కి తెచ్చింది. చంక దగ్గర పట్టి లాగితే చెయ్యి ఊడి వచ్చింది. బోనమెత్తుకున్నంక ఊడితే తన ఇజ్జత్ ఏం కావాలని కమలవ్వను అడిగింది. కమలవ్వ ఆ కుట్టును భర్త కళ్ల ముందు పెట్టింది. కింద బాబిన్‌లో దారం అయిపోతే పైదారం ఒక్కటే గుడ్డ మీద పరిగెత్తింది. సిరిసిల్ల మగ్గాల మోతలో పెరిగిన చెవులవి. పోగు తెగితే చప్పుడులోనే పట్టేవి.

"దారం అయిపోయిన సప్పుడు ఇనవడలే, బిడ్డా."

రవళి మెత్తబడి, ఇంకోతనితో కుట్టించుకుంటానని జాకెట్ అందుకోబోయింది. అతను వదల్లేదు.

"నా కుట్టు ఇంకోడు ఇప్పొద్దు. పొద్దుమీకి రా."

చెవి మిషన్ పీకి బటన్ల డబ్బాలో పడేసి మూత నొక్కాడు. బాబిన్ నిండా దారం చుట్టాడు. చెంపను మిషన్ తలకానించి తొక్కాడు. ఎముకల్లోంచి మోత వచ్చినట్టుంది, ముఖం విప్పారింది.

"ఇనవడ్తుందా?" కమలవ్వ చేత్తో సైగ చేసింది.

"మంచిగ నడుస్తుంది."

సాయంత్రం కాలు ఆగింది. చెంప అట్లాగే ఆని ఉంది. ఇంకా వింటున్నాడనే అనుకుంది కమలవ్వ. రవళి వచ్చి భుజం తట్టేదాకా అనుకుంది.

జాకెట్ చెయ్యి చివరిదాకా కుట్టి ఉంది. కమలవ్వ ఏడవలేదు, సూది ఎత్తి, దారం తెంపి, జాకెట్ ఆ పిల్ల చేతిలో పెట్టింది. అప్పుడు ఏడ్చింది. సందులోవాళ్లు వచ్చి మనిషిని మోసుకుపోయారు.

మెట్ల కింద, బటన్ల డబ్బాలో, మూత కింద చెవి మిషన్ కుయ్యిమంటూనే ఉంది.